మేము తాగిన నీళ్ళు

వార్షికోత్సవ సంచికకు పూర్వ విద్యార్థుల తరఫున ఏదైనా రాసి పంపమని వార్డెన్ సారు అడిగారు. 2001లో ఆరో తరగతిలో చేరి, 2006లో పదో తరగతి పాసై వెళ్ళిన బ్యాచ్ మాది. హాస్టల్ గురించి రాయమంటే ఎవరైనా నీళ్ళచారు గురించి, పేలికలైన దుప్పట్ల గురించి, గోడ దూకి సినిమాకు పోయిన రాత్రుల గురించి రాస్తారు. అవన్నీ మాకూ ఉన్నాయి. కానీ మేము ఈసారి నీళ్ళ గురించి రాయదలచుకున్నాం. దానికి కారణం ఒక ఫొటో.

పదో తరగతి వీడ్కోలు రోజున తీసిన గ్రూప్ ఫొటో అది. ముందు వరసలో సార్లు కుర్చీల్లో, వెనక మేము బెంచీల మీద. ఫొటో తీసే అన్న "జర నవ్వుండ్రి తమ్మీ" అని మూడుసార్లు అన్నాడు. అందరం నవ్వాం, పెదవులు మూసుకుని. ఆ ఫొటో చూసినవాళ్ళు ఎంత బుద్ధిమంతులో అనుకుంటారు. అసలు సంగతి ఏమిటంటే మాలో దాదాపు సగం మందికి ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలుండేవి. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకోవడం మాకు అలవాటు. ఆ చెయ్యి మాలో కొందరికి ఇప్పటికీ పైకి లేస్తుంది.

ఆ రోజుల్లో హాస్టల్ అంతటికీ ఒకటే బోరు. కరెంటు ఉంటే మోటారు వేసి పైన సిమెంటు ట్యాంకు నింపేవారు. లేకపోతే వీధి చివరి బోరింగు దగ్గర బకెట్లు పెట్టుకుని లైను కట్టేవాళ్ళం. ఎండాకాలంలో బోరింగు కొట్టీ కొట్టీ అరచేతులు కాయలు కాసేవి. హాస్టల్ బోరు నీళ్ళకు సబ్బు నురగ వచ్చేది కాదు. అన్నం గిన్నెల అడుగున తెల్లగా సున్నంలాగా పట్టేది. అన్నిటికంటే పెద్ద బాధ పప్పు ఉడకకపోవడం. వంట చేసే అవ్వ ఆ బోరును తిట్టని పొద్దు లేదు. పప్పు కోసమని కామాటి కాక చేత బయటి బావి నుంచి రెండు బిందెలు వేరుగా తెప్పించేది. "పప్పు ఉడికే నీళ్ళే మంచినీళ్ళు బిడ్డా" అనేది. మాకు తెలిసిన నీళ్ళ పరీక్ష అదొక్కటే. కంటికి తేటగా ఉండాలి, నాలుకకు ఉప్పగా ఉండకూడదు, పప్పు ఉడకాలి.

ఇబ్రహీంపట్నానికి చెరువు లేక కాదు. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, అంటే 1550కీ 1580కీ మధ్య తవ్వించిన పెద్ద చెరువు ఉంది. మేము చదువుకునే రోజుల్లో ఆ చెరువు గర్భంలో మేకలు మేసేవి. చెరువు ఎండితే బావులు ఎండుతాయి, బావులు ఎండితే బోర్లు దిగుతాయి. మాది నల్లరాయి, గ్రానైటు నేల. ఈ రాళ్ళలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలుంటాయి. నీళ్ళు లోతున ఎంత కాలం రాయిని ఆనుకుని ఉంటే అంత ఫ్లోరైడ్ వాటిలో కరుగుతుంది. ఇది మన దగ్గర కొత్తగా వచ్చిన రోగమేమీ కాదు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును గుర్తించి వైద్య పత్రికలో రాశారు. 1945 నాటికి నిజాం రాజ్యపు తూర్పు జిల్లాలలో కూడా ఉన్నదని తేలింది. నల్లగొండ పేరు చెబితే అందరికీ తెలుసు. ఆ జిల్లాను ఆనుకుని ఉన్న మా వైపు మండలాల్లో కూడా ఉందనేది మాత్రం మాకే తెలియదు. జిల్లా సరిహద్దు మనుషులు గీసుకున్నది, భూమి లోపలి రాయికి దాంతో పనిలేదు.

ఏడో తరగతిలో ఉండగా సాగర్ రోడ్డు పక్కన పెద్ద పెద్ద పైపులు దింపారు. హైదరాబాదుకు కృష్ణా నీళ్ళు తీసుకుపోయే పైపులు. ఆదివారం బట్టలు ఉతుక్కున్నాక వాటిలో దూరి దాగుడుమూతలు ఆడేవాళ్ళం. వంగకుండా నిలబడి నడిచేవాళ్ళం. లోపల అరిస్తే గొంతు అవతలి కొస దాకా వెళ్ళి తిరిగి వచ్చేది. అక్కడ అరవడానికని పక్క హాస్టల్ పిల్లలు కూడా వచ్చేవారు. 2004లో ఆ పైపుల్లో నీళ్ళు పారాయి. నాగార్జునసాగర్ దగ్గర తోడి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి, గునగల్ మీదుగా నగరానికి. వంద కిలోమీటర్లకు పైనే ప్రయాణం. మేము ఆడుకున్న పైపులను మట్టితో పూడ్చేశారు. పైన నడుస్తుంటే కింద కృష్ణమ్మ పోతోందని మావాళ్ళు నేలకు చెవి ఆనించి వినేవారు. ఏమీ వినిపించేది కాదు గానీ వినిపించిందని చెప్పేవారు.

ఆ ఏడే, మేము తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, బడిలో మా సైన్సు సారు ఎక్కడి నుంచో నీళ్ళు పరీక్షించే కిట్టు ఒకటి అడిగి తెచ్చారు. దసరా సెలవులకు ఇంటికి పోతుంటే "అందరూ మీ ఇంట్లో తాగే నీళ్ళు ఒక సీసా పట్టుకురండి. మందు సీసా కాదు, శుభ్రంగా కడిగింది" అని చెప్పారు. పదకొండు సీసాలు వచ్చాయి. చెప్పినా వినకుండా ఒకడు దగ్గుమందు సీసాలో తెచ్చి తిట్లు తిన్నాడు. సీసాలన్నిటికీ ఊరి పేరు రాసిన చీటీలు అంటించి కిటికీ మీద వరసగా పెట్టాం. పన్నెండోది మా హాస్టల్ బోరుది.

చూడటానికి పన్నెండూ ఒకటే. అన్నీ అద్దంలా తేటగా ఉన్నాయి. "వీటిలో ఏవి మంచివో చెప్పండి" అన్నారు సారు. మేము గుటక వేసి చూసి చెప్పాం. హాస్టల్ నీళ్ళు అన్నిటికంటే చెడ్డవని ఒక్క గొంతుతో అన్నాం. మర్రిగూడ వైపు నుంచి వచ్చిన మావాడి సీసా అన్నిటికంటే మంచిదన్నాం. వాడు కూడా గర్వంగా "మా బోరు నీళ్ళు తియ్యగుంటయి సార్, పప్పు ఎన్నలెక్క ఉడుకుతది" అన్నాడు.

సారు ఒక్కో గొట్టంలో కొలిచి నీళ్ళు పోసి, మందు చుక్కలు వేశారు. ఫ్లోరైడ్ తక్కువుంటే గులాబీ రంగు నిలుస్తుంది, పెరిగేకొద్దీ పసుపుకు తిరుగుతుంది. పక్కన పెట్టుకుని పోల్చడానికి రంగుల కార్డు ఉంది. మొదటి రెండూ గులాబీగానే ఉన్నాయి. మూడోది నారింజ. మర్రిగూడ వైపు సీసా మా కళ్ళ ముందే పసుపుపచ్చగా మారింది. మావాడు కార్డు వంక చూశాడు, గొట్టం వంక చూశాడు, ఏమీ మాట్లాడలేదు. వాళ్ళ నాయనమ్మ నడుము వంగిపోయి, మెడ తిప్పలేక, ఎవరైనా పిలిస్తే మనిషంతా తిరిగి చూసేదని మాకు అంతకు ముందే చెప్పి ఉన్నాడు. వయసు మీద పడ్డందుకని వాళ్ళింట్లో అనుకునేవారట.

పప్పు బాగా ఉడికించే నీళ్ళలోనే ఫ్లోరైడ్ ఎక్కువుండటం ఏమిటని మాకు అర్థం కాలేదు. సారు చెప్పారు. కాల్షియం ఎక్కువున్న గట్టి నీళ్ళలో పప్పు ఉడకదు, కానీ ఆ కాల్షియమే ఫ్లోరైడ్‌ను కొంత పట్టి ఉంచుతుంది. కాల్షియం తక్కువై సోడా గుణం ఉన్న మెత్తటి నీళ్ళలో పప్పు చక్కగా ఉడుకుతుంది, ఫ్లోరైడ్ కూడా సులువుగా కరుగుతుంది. అన్నిచోట్లా ఇలాగే ఉంటుందని కాదు గానీ అవ్వ పరీక్ష నమ్ముకుంటే మోసపోయే వీలుంది. ఆ ముక్క అవ్వకు చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.

హాస్టల్ బోరు రంగు కార్డులో ఒకటికీ ఒకటిన్నరకూ మధ్యన నిలిచింది. "అంటే మంచివా చెడ్డవా సార్?" అని అడిగాం. అప్పుడే మొదటిసారి ఐ.ఎస్. 10500 అనే పేరు విన్నాం. తాగే నీళ్ళు ఎలా ఉండాలో భారత ప్రమాణాల సంస్థ 1983లో రాసిన పత్రం అది. 1991లో, మళ్ళీ 2012లో సవరించారు. అందులో ప్రతిదానికీ రెండు అంకెలుండవు గానీ ఫ్లోరైడ్‌కు ఉన్నాయి. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము దాకా ఉండవచ్చు. వేరే నీటి వనరు లేని పక్షంలో ఒకటిన్నర దాకా ఒప్పుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది కూడా ఒకటిన్నరే, అయితే ప్రజలు రోజుకు ఎంత నీరు తాగుతారో కూడా చూసుకోమంటుంది. ఏప్రిల్ ఎండల్లో కబడ్డీ ఆడి వచ్చి మేము ఎన్ని చెంబులు తాగేవాళ్ళమో మాకు తెలుసు.

సారు బోర్డు మీద ఆ రెండు అంకెలూ రాసి, రెండోదాని పక్కన "వేరే వనరు లేని పక్షంలో" అని రాశారు. వెనక బెంచీ నుంచి మావాడొకడు లేచి "సార్, సాగర్ రోడ్డు కింద పైపు ఉన్నది కద సార్" అన్నాడు. సారు చాక్‌పీసు చేతిలో పట్టుకుని కాసేపు నిలబడ్డారు. తర్వాత "దరఖాస్తు రాద్దాం" అన్నారు.

రాశాం. తెల్లకాగితం మీద, మార్జిను కొట్టి, "అయ్యా" అని మొదలుపెట్టి. అందరం సంతకాలు పెట్టాం. నెలన్నరకు ఒకాయన బండి మీద వచ్చి, ప్లాస్టిక్ క్యానులో బోరు నీళ్ళు పట్టుకుని, మీద నంబరు రాసుకుని వెళ్ళాడు. ఆ నంబరు మావాడు రఫ్ నోట్‌బుక్కు అట్ట మీద రాసిపెట్టుకున్నాడు. ఆ కాగితం ఎప్పుడొస్తుందా అని చూశాం. తొమ్మిది అయిపోయింది, పది అయిపోయింది, ఆ కాగితం రాలేదు. ఏ ఆఫీసని ఇక్కడ రాయడం లేదు. అప్పటి మనుషులు ఇప్పుడు అక్కడ ఉండరు కూడా. పరీక్షలో ఏం తేలిందో మాకు ఈరోజుకీ తెలియదు. బాగానే ఉండి ఉండవచ్చు. తాగినవాళ్ళకు చెప్పాలని ఎవరికీ తోచలేదు, అంతే.

ఇంకొక సంగతి కూడా రాయాలి. పదో తరగతి వానాకాలంలో ఒక రాత్రి తెల్లవార్లూ చాలామందికి వాంతులు, విరేచనాలు. ఆటోల్లో ఆసుపత్రికి తీసుకుపోయారు. సెలైన్లు ఎక్కించాక అందరం తేరుకున్నాం. తర్వాత ట్యాంకు మూత తీసి చూస్తే అడుగున బెత్తెడు మడ్డి, అందులో చచ్చిన పావురం ఈకలు. అప్పటి నుంచి బ్లీచింగ్ కలపడం మొదలైంది, కానీ కొలత లేదు. ఒకరోజు వాసనకు ముక్కు మూసుకునేవాళ్ళం, మరుసటి రోజు చుక్క ఉండేది కాదు. బ్లీచింగ్ కలిపితే నీళ్ళు అన్నివిధాలా మంచివవుతాయని మేము అనుకునేవాళ్ళం. అది తప్పు. బ్లీచింగ్ క్రిములను చంపుతుంది, ఫ్లోరైడ్‌ను ఏమీ చేయదు. కాచి చల్లార్చినా అంతే, పైగా నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. ఇంట్లో వాడే క్యాండిల్ ఫిల్టరు కూడా దాన్ని ఆపలేదు. పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది. దానికి నల్లగొండ పేరే పెట్టారు. రోజూ కొలత ప్రకారం చేసే మనిషి ఉంటేనే అది పనిచేస్తుంది. క్రిముల సంగతి తేలిక అనుకోకండి. 2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన నల్లా నీళ్ళు తాగి మనుషులు చనిపోయారు. ఫ్లోరైడ్ ఏళ్ళమీద చేసే చెడును క్రిములు ఒక్క రాత్రిలో చేస్తాయి.

ఇప్పుడు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మా పళ్ళ మరకలకు హాస్టల్ బోరే కారణమని మేము ఏళ్ళ తరబడి దాన్ని తిట్టాం. డిగ్రీ చదివేటప్పుడు దంత వైద్య శిబిరానికి పోతే డాక్టరమ్మ "మీరు హాస్టల్లో చేరింది ఎన్నో ఏట?" అని అడిగారు. పదకొండో ఏట అన్నాం. "అయితే ఆ బోరుకు సంబంధం లేదు బాబూ" అన్నారు. పెద్ద పళ్ళు చిగుళ్ళ లోపల తయారయ్యేది ఎనిమిదేళ్ళ లోపు. ముందు పళ్ళు ఇంకా ముందే తయారవుతాయి. మరక పడేది అప్పుడే, పళ్ళు బయటికి వచ్చాక కాదు. అంటే మేము ఆ మరకలు ఇంటి దగ్గర నుంచే తెచ్చుకున్నాం, అమ్మ ప్రేమగా ముంచి ఇచ్చిన చెంబులోంచి. పదకొండేళ్ళు దాటాక పళ్ళకు భయం లేదు గానీ ఎముకలకు ఉంటుంది. ఎక్కువ ఫ్లోరైడ్ ఏళ్ళ తరబడి లోపలికి పోతే కీళ్ళు, వెన్ను బిగుసుకుంటాయి. పాలు, ఆకుకూరలు సరిగా లేని పిల్లలకు నష్టం ఇంకా ఎక్కువ.

అయితే మన హాస్టల్లో మూడో తరగతి పిల్లలు కూడా చేరుతున్నారు. ఎనిమిదేళ్ళ వాళ్ళు. వెనక దవడ పళ్ళు కొన్ని వాళ్ళకింకా లోపల తయారవుతూనే ఉంటాయి. ఫొటోలో మేము మూసుకున్న నోళ్ళు గుర్తొచ్చి మాకు నిద్ర పట్టనిది వాళ్ళ గురించే.

పెద్దయ్యాక తెలుసుకున్నవి మరికొన్ని ఉన్నాయి. మేము ఆరో తరగతిలో చేరిన 2001లోనే, నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్ళ కేసులో మన హైకోర్టు సురక్షితమైన తాగునీరు 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఆ ఏడే సీసాల్లో అమ్మే నీళ్ళకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి చేశారు. 2024 అక్టోబరులో ఆ గుర్తు తప్పనిసరి కాదన్నారు, ఆహార భద్రత సంస్థ లైసెన్సు, తనిఖీలు మాత్రం ఉంచారు. కానీ నల్లాలో వచ్చే నీళ్ళకు ఐ.ఎస్. 10500 ఒక మార్గదర్శకమే. అంకె తప్పితే సరఫరా చేసినవాళ్ళకు ఇంత శిక్ష అని అందులో లేదు. కొనుక్కునేవాడి సీసాకు చట్టం, పట్టుకునేవాడి బిందెకు సలహా! ఈ మాట మాలో కొంచెం కోపిష్టివాడు అన్నది, తీసెయ్యమంటే ఒప్పుకోలేదు. అమెరికాలో 1974లోనే తాగునీటికి చట్టం చేశారు. 1998లో ఇంకో నిబంధన తెచ్చి, నీటి పరీక్షల్లో ఏం తేలిందో సరఫరాదారులు ఏటా వాడకందార్లకు తెలియజేయాలన్నారు. అక్కడి నీళ్ళన్నీ అమృతమని మేము అనడం లేదు, అక్కడా లోపాలు బయటపడుతూనే ఉన్నాయి. కాగితం తాగేవాడి ఇంటికి రావడం మాత్రం మాకు నచ్చింది. మేము రెండేళ్ళు ఎదురుచూసింది ఆ కాగితం కోసమే కదా.

మిషన్ భగీరథను 2016లో ప్రారంభించాక మా వైపు ఊళ్ళకు నదీ జలాలు నల్లాల్లో వచ్చాయి. మర్రిగూడ వైపు మావాడి ఇంట్లో కూడా నల్లా ఉంది. వాడి కూతురికి పాలపళ్ళు ఊడి కొత్త పళ్ళు తెల్లగా వచ్చాయని ఫోన్‌లో ఫొటో పంపాడు. పాప నోరంతా తెరిచి నవ్వింది.

కిందటేడు మేము హాస్టల్‌కు వచ్చినప్పుడు వంటింటి వెనక పాత బోరు ఇంకా పనిచేస్తూనే కనిపించింది. నల్లా నీళ్ళు రాని రోజున అదే సంపులోకి బోరు నీళ్ళు వదులుతారట. వార్డెన్ సారు దాచకుండా చెప్పారు. సారు అనుమతితో రెండు సీసాలు, నల్లాది ఒకటి, బోరుది ఒకటి, పరీక్షకు ఇచ్చాం. ఈసారి కాగితం వచ్చింది. నల్లా నీళ్ళలో ఫ్లోరైడ్ ఒకటి లోపే ఉంది. బోరుది ఒకటి దాటింది, ఒకటిన్నర దాటలేదు. అంటే ఇరవై ఏళ్ళ కింద సారు కార్డు చూసి చెప్పిన చోటే ఉంది. నల్లా ఇంటికి వచ్చాక "వేరే వనరు లేని పక్షంలో" అన్న మాట ఇక్కడ చెల్లదు కదా. సారు బోరు పైపును సంపు నుంచి తప్పించి స్నానాల తొట్టికి పెట్టించారు. ఆ రెండు కాగితాలూ ఫ్రేము కట్టించి అన్నం పెట్టే చోట గోడకు తగిలించాం.

కాగితంలో ఒక గడి ఖాళీగా ఉంది. నీటిలో మిగిలి ఉండే క్లోరిన్‌ది. సీసాలో పట్టుకుని దూరం తీసుకుపోతే క్లోరిన్ తగ్గిపోతుంది, అది నల్లా దగ్గరే చూడాలి. మేము తలా కొంత వేసుకుని క్లోరోస్కోపు ఒకటి కొనిచ్చాం. గొట్టంలో నీళ్ళు, ద్రావణం చుక్కలు, లేత పసుపు రంగు వస్తే కార్డుతో పోల్చాలి. కనీసం 0.2 ఉండాలి. తక్కువైతే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున బ్లీచింగ్ కలిపి అరగంట ఆగాలి. ఎనిమిదో తరగతి పిల్లలు ఇద్దరు వంతులవారీగా పొద్దున్నే చూసి గోడమీది పట్టికలో రాస్తున్నారు.

మొన్న ఈ వ్యాసం రాయడానికి ముందు ఒకసారి వచ్చి ఆ పట్టిక చూశాం. సోమవారం 0.2, మంగళవారం 0.3, అలా శనివారం దాకా ఉంది. ఆదివారాల గడులు మాత్రం నాలుగు వారాలుగా ఖాళీ. ఏం తమ్మీ అని అడిగితే "ఆదివారం చికెన్ కద అన్నా, అటు పోయి లైన్ల నిలబడతం" అన్నాడు.